మూడో రోజు మబ్బు

గురువారం పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు ఎక్కాను. చేతిలో ఒక గుడ్డ సంచి. అందులో ఒక జత బట్టలు, నీళ్ల సీసా, గొడుగు, మూడు పాత డైరీలు. ఏప్రిల్ నెల చివరి వారం. ఆ పొద్దుటికే చొక్కా వీపుకు అంటుకుంటోంది.

ఈ ప్రయాణానికి కారణం మా చెల్లెలు సుగుణ వడ్లు. చందూర్‌లో మూడెకరాల యాసంగి వరి మిషన్‌తో కోయించి కల్లంలో ఆరబోసింది. తేమ పదిహేడు శాతానికి దిగితే గాని కొనుగోలు కేంద్రంలో తూకం పెట్టరు. బుధవారం సాయంత్రం చూస్తే పంతొమ్మిది ఉంది. అప్పుడే నాకు ఫోన్ చేసింది.

“అన్నా, పడమట మబ్బులు లేస్తున్నయి. కుప్ప జేసి కప్పాల్నా, ఇంకో దినం ఎండబెట్టాల్నా?”

“రేపంతా ఎండబెట్టు. వాన శుక్రవారం సాయంత్రం వస్తది. ఆ మధ్యాహ్నం కప్పితే చాలు,” అన్నాను.

అంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఆధారం ఉందనుకున్నాను. ఉద్యోగ కాలమంతా మండల కార్యాలయంలో వర్షమాపకం చూసే పని నాదే. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు గొట్టంలో నీళ్లు కొలిచి రిజిస్టరులో రాసేవాణ్ణి, సాయంత్రం ఇంటికి వచ్చి అదే అంకె డైరీలో పై మూల గడిలో దించేవాణ్ణి. ఆ పక్కనే గాలి ఏ వైపు నుంచి వీచిందీ, ఎండ ఎట్లా ఉందీ రాసేవాణ్ణి. రిటైరయ్యాక ఇంటి డాబా మీద సొంత వర్షమాపకం పెట్టుకుని అదే వేళకు అదే పద్ధతి సాగిస్తున్నాను. పోయిన ఎండాకాలం డైరీలన్నీ ముందేసుకుని రాళ్ల వాన పడిన రోజులు ఏరి చూస్తే ఒక వరుస కనిపించింది. తూర్పు నుంచి తడిగాలి మొదలైన రోజును ఒకటిగా లెక్కిస్తే, ఎక్కువ సార్లు వాన నాలుగో రోజు గడిలో ఉంది. ఈసారి ఆ గాలి మంగళవారం మొదలైంది. అందుకే శుక్రవారం అన్నాను. ఒక రోజు ముందే చేరుకుంటే చెల్లెలికి సాయంగా ఉంటుంది, మబ్బు కట్టడం మొదటి నుంచీ చూడవచ్చు అని బయల్దేరాను.

బస్సులో నా ముందు సీట్లో ఒక పెద్దావిడ తునికాకు కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బీడీలు చేస్తుందట. ఆడవాళ్లకు ఉచితం గనక కండక్టరు జీరో టికెట్ చించి ఇస్తే కొంగున ముడేసుకుంది. ఆకును వేళ్లతో నలిపి చూస్తుంటే ఎందుకని అడిగాను.

“మూడు దినాల సంది తడపకున్నా ఆకు మెత్తగైతుంది సారూ. లేకుంటే ఎండలకు పెళపెళ ఇరుగుతది. మాకు నీళ్లు మోసే పని తప్పింది,” అని నవ్వింది.

నా డైరీలో ‘తడిగాలి’ అని ఒక్క మాటగా ఉన్నది ఆమె వేళ్లకు తెలుసు. ఆ తడి బంగాళాఖాతం నుంచి వస్తుంది. అంత దూరం నుంచి నేలను ఆనుకుని పాకుతూ వచ్చి, మన ఊళ్ల మీద ఒక పొరగా పరుచుకుంటుంది. కంటికి కనిపించదు. చెమట ఆరకపోవడం, ఆకు మెత్తబడడం, ఇట్లాంటివే గుర్తులు.

ఏడున్నరకు బోధన్‌లో దిగాను. బస్టాండు ముందు వేడి ఇడ్లీలు రెండు తిని, చాయ్ తాగి, శంకర్‌రావ్ ఇంటికి నడిచాను. నేరుగా చందూర్ పోవాలంటే నిజామాబాద్ నుంచి మోస్రా మీదుగా దగ్గర. కాని శంకర్‌రావ్ నాకు పాత మిత్రుడు, చెరకు రైతు. మహారాష్ట్ర వైపు మబ్బు మొదట కనిపించేది అతని డాబా మీదికే. చుట్టుపక్కల చాలామంది వరికి మారినా ఇతను రెండెకరాల చెరకు వదల్లేదు.

“రా రా, రీడింగ్ సాబ్! నీ సీసాల నీళ్లు లేకుంటే మా మీదికి వచ్చినవా?” అన్నాడు. నా ఉద్యోగం మీద అతని వేళాకోళం ఏళ్ల నాటిది.

డాబా ఎక్కి చాలాసేపు కూర్చున్నాం. తొమ్మిదిన్నరకు పడమటి ఆకాశంలో, బాగా ఎత్తున, చిన్న చిన్న తెల్లమబ్బులు ఒక వరుసలో లేచాయి. అడుగున చదును, పైన బురుజులు. కోట గోడ మీది పళ్లలా ఉన్నాయి.

“గవి పొద్దుగాల్నే కనబడితే గా దినమే పడ్డట్టు,” అన్నాడు శంకర్‌రావ్. “మావోళ్లు మరాఠీల వళవాచా పావుస్ అంటరు. ఎండాకాలం అడ్డం తిరిగే వాన.”

“రేపు,” అన్నాను.

“ఇయ్యాల.”

“నా దగ్గర ముప్పై ఏండ్ల రాత ఉంది.”

“నా దగ్గర చెరకు ఉంది. గాలివానకు పండుకున్న చెరకును లేపి కట్టుడు నాకు తెలుసు, నీకు తెల్వది.”

పందెం కడదామన్నాడు. నవ్వి లేచాను. కాని ఆ బురుజుల సంగతి మనసులో ముల్లులా ఉండిపోయింది. అవి ఊరికే లేవవు. అంత ఎత్తున గాలి నిలకడ తప్పితేనే అట్లా కుచ్చులు కుచ్చులుగా పైకి లేస్తాయి. కింద తడిగాలి పొర, దాని మీద మహారాష్ట్ర నుంచి వచ్చే వేడి పొడిగాలి. ఆ పొడిగాలి మూతలా కూర్చుని తడిని పైకి పోనివ్వదు. మన వైపు పసుపు ఉడికించే కడాయి మీద తడి గోనె సంచులు కప్పుతారు. ఆవిరి చాలాసేపు లోపలే మరిగి, సంచి వదులైన చోట ఒక్కసారి బుస్సుమని లేస్తుంది. ఎండాకాలపు మబ్బూ అంతే. రెండు గాలులు ఒకదాన్నొకటి తాకే గీత మీద, మధ్యాహ్నపు వేడికి, మూత ఎక్కడో ఒకచోట తెగుతుంది. వాతావరణం వాళ్లు ద్రోణి అని చెప్పేది ఆ గీతనే.

పదింబావుకు బస్సు ఎక్కి రుద్రూర్ మీదుగా వర్ని చేరాను. ఈ దారిన వచ్చేవాళ్లు డ్రైవరు వైపు కిటికీ పక్కన కూర్చుంటే పడమటి ఆకాశం అడ్డం లేకుండా కనిపిస్తుంది. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే. పారలతో తిరగేస్తున్న ఆడవాళ్లు బస్సుకు దారి ఇస్తూ తిడుతున్నారు. వర్నిలో ఆటో పట్టుకుని పదకొండు నలభైకి చందూర్‌లో దిగాను.

సుగుణ కల్లంలోనే ఉంది. తలకు తువ్వాల చుట్టుకుని, కాళ్లతో వడ్లలో చాళ్లు తీస్తూ నడుస్తోంది. ఒక్కో చాలుకు కింది గింజ పైకి వస్తుంది.

“అన్నచ్చిండు! ఇగ వానకు భయం లేదు,” అని పక్క కల్లాల వాళ్లకు వినబడేట్టు అంది. “మా అన్న చెప్పినంక ఈ కల్లంల ఒక్కలు గూడ కుప్ప జెయ్యలె.”

చుట్టూ చూస్తే పది పన్నెండు మంది వడ్లు పలచగా పరిచి ఉన్నాయి. నా ఒక్క ఫోను మాట మీద.

ఇంటికి పోయి అన్నం, పచ్చి మామిడికాయ పప్పు తిన్నాం. తిన్నాక డైరీలు తీసి నా లెక్క ఆమెకు చూపించాను. రెండేళ్ల కిందటి పేజీ మీద వేలు పెట్టి చదివాను: “సోమవారం. రాళ్ల వాన. చందూర్‌లో మామిళ్లు రాలినవి.”

సుగుణ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. “సోమవారం కాదన్నా. ఈస్టర్ నాడు పడ్డది. ఆదివారం పొద్దుగూకంగ.”

“రాసి ఉంది గదా.”

“నువ్వు రాసుకుంటే నేనేం జెయ్యాలె! పండుగకు నిజామాబాద్ నుంచి నువ్వు గూడ రాకపోతివి. సాయంత్రం ఆరాధనల పాట పాడుతున్నం. చర్చి రేకుల మీద రాళ్లు దబదబ పడుతుంటె మా పాట మాకే ఇనరాలె. పాస్టర్ గారు వాక్యం ఆపి నిలబడ్డడు. మన మామిళ్లు రాలిన సంగతి నీకు తెల్లారి ఫోన్‌ల చెప్పింది నేనే.”

ఈస్టర్ సోమవారం రాదు. డైరీ దగ్గరికి లాక్కుని ఆ గడి మళ్లీ చదివాను. ఆదివారం సాయంత్రం పడిన నీళ్లను నేను కొలిచింది సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు. కొలిచిన తేదీ కిందే రాయాలన్నది ఆఫీసు నియమం. రిజిస్టరుకు అది సరే. ఆ అంకెను అట్లాగే డైరీలోకి దించి, ఆ గడులను బట్టి రోజులు లెక్కపెట్టిన తెలివి నాది. ఎండాకాలం వానలన్నీ సాయంత్రమే పడతాయి. అంటే నా డైరీల్లో ప్రతి రాళ్ల వానా ఒక రోజు ఆలస్యంగా ఉంది. నాలుగో రోజన్నది నిజానికి మూడో రోజు.

మూడో రోజంటే ఆ గురువారమే. గడియారం పన్నెండు యాభై చూపిస్తోంది.

“సుగుణా, వాన ఇయ్యాలనే. పరదాలు తియ్యి,” అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. “పరదాలు పక్క కల్లం గంగారాంకు ఇచ్చిన. శుక్రవారం దాక పనిలేదంటివి. ఆయన పచ్చివడ్లు పొద్దుగాల్నే మిషన్ల నుంచి దిగినయి. పరదాలు కింద పరిచి మీద పోసుకున్నడు.”

బయటికి వచ్చి చూస్తే పడమట ఒక మబ్బు గోబీపువ్వులా ఉబ్బుతోంది. మూత తెగిందన్నమాట. ముందు కల్లానికి పోయాను. ప్రతి ఒక్కరి వడ్ల దగ్గరా ఆగి ఒకటే మాట చెప్పాను: నా లెక్క ఒక రోజు తప్పింది, దయచేసి ఇప్పుడే కప్పుకోండి.

“రేపటిదాక రాదన్నది మీరే, ఇయ్యాలనే వస్తదన్నది మీరే. ఏది నమ్మాలె సార్?” అన్నాడు మీసాలాయన ఒకడు.

“ఈ రెండోది. మొదటిది నా తప్పు.”

“ఇంత ఎండల మళ్ల కుప్ప జెయ్యాల్నా? మూడు దినాల కష్టం!” అని ఒకామె పార నేలకేసి కొట్టింది. అయినా ముందుగా కుప్ప లాగడం మొదలుపెట్టింది ఆమే. ఆమెను చూసి మిగతావాళ్లు లేచారు.

గంగారాం పరదాలు తీసి ఇచ్చేస్తానన్నాడు. తీస్తే ఆయన వడ్లు నేలపాలు. సుగుణ వద్దంది. “చెయ్యారా ఇచ్చింది మళ్ల తీసుకుంటనా? ఆగు,” అని గబగబా చర్చి వైపు నడిచింది. మొన్న ఈస్టర్‌కు చర్చి ముందు పందిరి వేసిన పరదాలు ఇంకా గదిలోనే మడిచి ఉన్నాయని ఆమెకు గుర్తుకొచ్చింది. పాస్టర్ గారు తాళం తీసి, ఒక కొస తన భుజానే వేసుకుని వచ్చారు.

“రెండేండ్ల కింద నా ప్రసంగం ఆపింది గీ వాననే గదా, సార్. ఇయ్యాల మనం ఆపుదాం,” అన్నారు.

మూడింటి దాకా వడ్లు నెట్టాం. నా చేతులు బొబ్బలెక్కాయి. కుప్ప ఎత్తుగా, కోసుగా చేశాం. చుట్టూ నీళ్లు పోయేందుకు చిన్న కాలువ తీశాం. పరదా అంచుల మీద రాళ్లు పెట్టాం. నాలుగు గంటలకు మబ్బు తల కమ్మరి దాగలి ముఖంలా చదునై తూర్పుకు సాగింది. కింద నల్లగా, మధ్యలో ఆకుపచ్చ ఛాయ. పైకి పోయే గాలి నీటి బొట్లను గడ్డకట్టే ఎత్తుకు ఎగరేస్తుంది. గడ్డకట్టిన గింజ పడబోతుంటే మళ్లీ ఎగరేస్తుంది. ప్రతిసారీ ఒక మంచు పొర ఎక్కుతుంది. మోయలేనంత బరువైనప్పుడు రాయి కింద పడుతుంది, చల్లగాలిని కూడా వెంట లాక్కొస్తుంది. అందుకే వాన కన్నా ముందు దుమారం.

నాలుగు ముప్పై ఐదుకు ఆ చల్లగాలి ముఖానికి తగిలింది. దుమ్ము లేచింది. అందరం కేంద్రం గోదాములోకి పరుగెత్తాం. చెట్టు కిందికి పోబోయిన మీసాలాయనను పాస్టర్ గారు చొక్కా పట్టి లోపలికి లాగారు. తర్వాత రాళ్లు, రేగుపండ్లంత. పావుగంట. ఆ చప్పుడులో సుగుణ నా చెవి దగ్గర అరిచింది: “గిట్లనే అన్నా! పాట ఇనరాలె!”

వెలిశాక మా కుప్ప పరదా ఒక మూల ఎగిరి, పక్కన బస్తాడు వడ్లు తడిసి ఉన్నాయి. పరదా కొసలు మీదికి మడిచి కప్పిన గంగారాంవి పొడిగా ఉన్నాయి. ఆ రాత్రి సుగుణ ఇంట్లో జొన్నరొట్టె తిని తొందరగా పడుకున్నాను.

శుక్రవారం ఆకాశం కడిగినట్టు ఉంది, గాలి పొడిబారింది. పొద్దున్నే కుప్ప విప్పి పరిచాం. మధ్యాహ్నం మూడింటికి మోస్రా మీదుగా నిజామాబాద్ పోయే బస్సు ఎక్కాను. బస్సు మోస్రా దాటుతుండగా ఫోన్ మోగింది.

“అన్నా, మిషన్ పదహారున్నర చూపెట్టింది! తూకం పెడుతున్నరు.” వెనుక ఎవరో ఏదో అంటే నవ్వింది. “మీసాలాయన అడుగుతుండు, మళ్ల ఎన్నడని. ఈసారి సరిగ్గ చెప్పుమంటుండు.”

“తడిగాలి మొదలైతే మూడో రోజు సాయంత్రం. కాని పొద్దున బురుజు మబ్బులు లేస్తే నా మాటకు ఆగొద్దని చెప్పు,” అన్నాను.

చిన్న ప్రయాణమే, రెండు పగళ్లు ఒక రాత్రి. వాన ఎట్లా పుడుతుందో నాకు ముందే కొంత తెలుసు. నా డైరీని ఎట్లా చదవాలో నేర్చుకున్నది మాత్రం బీడీలు చేసే ఆకు దగ్గరా, చెరకు డాబా మీదా, చర్చి రేకుల కిందా. ఇంటికి చేరి డాబా ఎక్కితే గొట్టంలో నీళ్లు ఉన్నాయి. ఎనిమిదిన్నర దాటి ఎంతో సేపైంది. కొలిచి, డైరీ తెరిచి, ఒక పేజీ వెనక్కి తిప్పి, గురువారం గడిలో రాశాను.