దొర తిండి రిజిస్టరు

2003 నవంబరులో ఒక సోమవారం నన్ను ప్రోగ్రాములు రాసే పని నుంచి తప్పించి క్వాలిటీ విభాగంలో వేశారు. ఆ సంగతి చెప్పబోయే ముందు ఒక మాట. నేను పెంచి చెబుతాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ గుణాన్ని అణుచుకున్నాను, ముందస్తుగా రిటైరయ్యాక వదిలేశాను. కాబట్టి కింద ఎక్కడ అంకె కనిపించినా పాఠకులు తమకు తోచినంత తగ్గించుకోవచ్చు. మా ఆవిడ సత్యవతి మూడో వంతుకు దించుతుంది.

సికింద్రాబాదులో మా కంపెనీది నాలుగంతస్తుల భవనం. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ ‘ఐదో స్థాయి’ సర్టిఫికెట్ కోసం తపస్సు చేస్తున్నాయి. పనంతా ఒక పద్ధతి ప్రకారం జరుగుతోందని బయటి నుంచి వచ్చిన పరీక్షకులు నమ్మితే ఇచ్చేది అది. అది లేని కంపెనీకి విదేశీ క్లయింట్లు పిల్లనివ్వరు. పరీక్షకులు ఫిబ్రవరిలో వస్తారు. ఈలోగా ప్రతి పనికీ ఒక ఫారం ఉందా, ప్రతి ఫారం మీదా సంతకం ఉందా అని చూడటం నా ఉద్యోగం. ఉదాహరణకు పీర్ రివ్యూ అని ఒకటి ఉంది. ఒకరు రాసిన ప్రోగ్రామును క్లయింటుకు పంపే ముందు మరో ఇద్దరు చదివి, తప్పులు ఏరి, ఫారంలో రాయాలి. ప్రోగ్రాము బాగుందా లేదా అన్నది నాకు అక్కర్లేదు. ఫారం కావాలి. లేకపోతే ఎన్.సి. రాసేవాణ్ణి, పద్ధతి తప్పారని మోపే అభియోగ పత్రం పేరది. ఎన్.సి. పడిన ప్రాజెక్టు మేనేజర్లు ఆ పూట క్యాంటీనులో పెరుగన్నం తప్ప ముట్టేవారు కాదు. లిఫ్టులో నేనుంటే మెట్లెక్కి వెళ్ళేవారు. ఆ చలికాలం మా ఆఫీసు ఆఫీసంతా సన్నబడింది.

లావెక్కినవాడు మా ఇంట్లో ఉన్నాడు.

వాడి పేరు దొర. డాష్‌హౌండ్ జాతి కుక్క, ఆరేళ్ళ వయసు. కాళ్ళు జానెడు, నడుము రైల్వే ప్లాట్‌ఫారం మీద బెంచీ అంత. ఏ.ఎస్. రావు నగర్‌లో మాది మొదటి అంతస్తు ఫ్లాటు. చలి మొదలవగానే మా అమ్మాయి పాత స్వెట్టరు చెయ్యి ఒకటి కత్తిరించి వాడికి తొడిగేవాళ్ళం. నాకేమో చలికాలం ఒక వ్యసనం ఉండేది. రోజూ పొద్దున్న ఆరున్నరకు బాల్కనీలో థర్మామీటరు చూసి నోటుబుక్కులో రాసేవాణ్ణి. ఒక రోజు సున్నాకు దిగినట్టు అందులో ఉంది. నేను రాస్తుంటే దొర వచ్చి నా పాదాల మీద కూర్చునేవాడు. దాంతో నా పాదాలకు చలి తెలిసేది కాదు. కొంతసేపటికి పాదాలే తెలిసేవి కావు.

డిసెంబరు మొదట్లో వాడు సోఫా ఎక్కడం మానేశాడు. ఎత్తుకోబోతే కుయ్యిమన్నాడు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు వెనక ఒక పశువైద్యుడు ఉండేవారు. సైన్యంలో గుర్రాలకు వైద్యం చేసి రిటైరైన మేజరు గారు. ఆయన కాటా చెడిపోయి ఉండటంతో మార్కెట్లో ఉల్లిగడ్డ బస్తాలు తూచే కాటా మీద పెట్టించారు. పదమూడు కిలోలు. పక్కనున్న హమాలీ “గిదేం మాల్ సారూ, మంచిగ బలిసింది” అని మెచ్చుకున్నాడు. మేజరు గారు మెచ్చుకోలేదు. ఈ జాతి తొమ్మిది కిలోలు దాటకూడదనీ, బరువెక్కితే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ జారుతుందనీ, జారితే వెనక కాళ్ళు పడిపోతాయనీ, మళ్ళీ లేస్తాయన్న హామీ తాను ఇవ్వలేననీ చెప్పారు. ఫిబ్రవరికల్లా రెండు కిలోలు తగ్గించమన్నారు.

అప్పటికి నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఇంటికొచ్చి నాలుగు పేజీల పద్ధతి రాశాను. ఫ్రిజ్ హ్యాండిలుకు పురికొసతో రిజిస్టరు వేలాడదీశాను. తేదీ, సమయం, పదార్థం, పరిమాణం, పెట్టినవారి సంతకం, సరిచూసినవారి సంతకం. పక్కన వారం వారం బరువు గుర్తించే గ్రాఫు, దాని పైభాగాన ఎర్రగీత. చుక్క ఆ గీత దాటితే వ్యవహారం అదుపు తప్పిందని అర్థం. ఆఫీసులో ప్రోగ్రాముల్లో దొర్లే తప్పులకు కూడా ఇలాంటి గ్రాఫే గీసేవాళ్ళం.

సత్యవతిది శ్రీకాకుళం వైపు. రిజిస్టరును పైనుంచి కిందకు చూసి, “కుక్కకి ముద్ద పెట్టడానికి సంతకవేటండీ? మన పెళ్ళికే సంతకాలు పెట్టలేదు” అంది. అన్నా, పెట్టింది.

కింది వాటాలో మల్లేశం గారు ఉండేవారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. రోజూ ఎనిమిది నుంచి పది వరకు ఆయన కుర్చీ పక్కన, ఎండలో దొర కాపురం. కాబట్టి ఆయన చేతా సంతకం పెట్టించాలి. నేను పద్ధతి వివరిస్తుంటే నవ్వారు. “ముప్పై ఏండ్లు గార్డుగ జేసిన సారూ. బండెందుకు లేటైందో రాసుడు నాకు నేర్పుతరా?” అన్నారు. అది హెచ్చరిక అని నాకు తట్టలేదు.

రిజిస్టరు అద్భుతంగా నడిచింది. పొద్దున ఒక కప్పు కుక్కతిండి గింజలు, సాయంత్రం ఒక కప్పు, మధ్యలో ఏమీ లేదు. ఖాళీ గడి లేదు, కొట్టివేత లేదు. ఆఫీసుకు తీసుకెళ్ళి ఆదర్శ రికార్డు ఎలా ఉంటుందో ఇద్దరు ముగ్గురికి చూపించాను కూడా. దొర బరువు మాత్రం పదమూడున్నర అయింది, తర్వాత పద్నాలుగు. చుక్క ఎర్రగీత దాటింది. మా పద్ధతి ప్రకారం ఏ సమస్యకైనా మూలం పట్టుకోవాలంటే ‘ఎందుకు’ అని ఐదుసార్లు వేసుకోవాలి. వేసుకున్నాను. ఐదోసారి ‘చలి’ అని తేలింది. దిద్దుబాటు చర్యగా స్వెట్టరు రెండో చెయ్యి కూడా కత్తిరించాం.

జనవరి రెండో వారంలో ఒక పొద్దున నేను థర్మామీటరు దగ్గరకు వెళ్ళాను. దొర రాలేదు. లోపలికొచ్చి చూస్తే వంటగదిలో ముందు కాళ్ళ మీద లేస్తున్నాడు, వెనక సగం లేవడం లేదు. అది ఇంకెవరిదో అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడు. సత్యవతి నేల మీద కూర్చుని వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. రిజిస్టరు ఊసెత్తలేదు.

ఆఫీసుకు సెలవు చెప్పి, దిండు మీద పడుకోబెట్టి ఆటోలో తీసుకెళ్ళాం. మేజరు గారు సూది వేశారు. మూడు వారాలు పెట్టెలోంచి కదలనివ్వద్దన్నారు. తోక కదిలితే ఆశ ఉందన్నారు. తిండి సంగతి అడిగితే రిజిస్టరు అందించాను. వెంట తీసుకెళ్ళానన్నమాట. ఆయన రెండు పేజీలు చదివి కళ్ళజోడు తీశారు. “ఈ లెక్కన మీ కుక్క క్రిస్మస్‌కే ఎముకల గూడు కావాలి. మీ కాగితం మహా ఆరోగ్యంగా ఉందండీ. కుక్కకు ఎవరు ఏం పెడుతున్నారో కనుక్కోండి” అన్నారు.

ఆ సాయంత్రం కింద మల్లేశం గారి కుర్చీ దగ్గర ముగ్గురం కూర్చున్నాం. సంతకాలు వద్దు, చెబితే చాలన్నాను.

“అట్టు పెట్టలేదండీ” అంది సత్యవతి. “అంచులు పెట్టాను. మాడిన అంచులు తిండేటి?”

“ఎన్ని?”

“ఎన్నట్లేస్తే అన్ని.”

మల్లేశం గారు తువ్వాలు భుజం మార్చుకున్నారు. “ఉత్త బిస్కెట్టయితే రాస్తుంటి సారూ. గది ఛాయ్‌ల ముంచిన బిస్కెట్టు. నమలకుంట మింగుతడు. గదెట్ల లెక్కలకొస్తది?” మళ్ళీ ఆయనే, “పొద్దుగాల గట్ల మొకంల మొకం బెట్టి జూస్తుంటే ఒక్కన్నే తాగబుద్ధి గాలె. నాలుగు బెడుతుంటి. నా తప్పే” అన్నారు.

నా వంతుగా నేను అప్పుడప్పుడూ వేయించిన పల్లీలు వేసేవాణ్ణి. అవి రిజిస్టరులో రాసే ఉంచాను. ఆ గడి తీసి వాళ్ళిద్దరికీ చూపించాను.

నిజానికి రిజిస్టరులో ఎవరూ అబద్ధం రాయలేదు. ఏది తిండో ఎవరికి వారు నిర్ణయించుకున్నారు, అంతే. ఆఫీసులో ఇదే మాట వేరే రూపంలో రోజూ వినేవాణ్ణి: “అది మార్పు కాదు సార్, ఒక్క లైనే.”

మర్నాడు రిజిస్టరు తీసేశాను. రోజుకు వాడికి ఎంత తిండో మేజరు గారి చేత చెప్పించుకుని, అంతా పొద్దున్నే ఒక డబ్బాలో పోశాం. ఎవరికి జాలేసినా అందులోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు జాలి కూడా అయిపోయినట్టే. సంతకం లేదు. దొర నా మానిటరు వచ్చిన అట్టపెట్టెలో పడుకునేవాడు. మల్లేశం గారు పొద్దున్నే పైకి వచ్చి పెట్టె పక్కన పీట వేసుకుని డబ్బాలోంచి ఒక్కో గింజా అందించేవారు. తను ఛాయ్ మానేశారు. పదకొండో రోజున “సారూ, తోక!” అని ఆయన వేసిన కేక సైనిక్‌పురి దాకా వినిపించింది. ఫిబ్రవరి నెల మధ్యలో దొర లేచి నిలబడ్డాడు. ఉల్లిగడ్డల కాటా మీద పదకొండు కిలోలకు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఎడమ వెనక కాలి ఈడుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

సెలవు నుంచి ఆఫీసుకు వెళ్ళేసరికి నా బల్ల మీద రివ్యూ ఫారాలు కట్టగట్టి ఉన్నాయి. అన్నీ ఒకే సిరాతో నింపారు. ప్రతిదాంట్లో సరిగ్గా రెండేసి తప్పులు దొరికినట్టు రాశారు. నవంబరులో అయితే సంతోషించేవాణ్ణి. కాగితం పట్టుకోకుండా టీ మిషను దగ్గరకు వెళ్ళి, అక్కడున్న ప్రోగ్రామర్లను వీటిలో నిజంగా ఎవరూ చదవని ప్రోగ్రాములు ఏవో చెప్పమని అడిగాను, ఎన్.సి. రాయనని మాటిచ్చాను. మొదట నవ్వారు. తర్వాత పదకొండు పేర్లు చెప్పారు. వాళ్ళను కూర్చోబెట్టి వాటిని చదివించాం. ఒకదాంట్లో ఫిబ్రవరి ఇరవై తొమ్మిది అన్న రోజే లేదు. ఆ ఏడు లీపు సంవత్సరం. పరీక్షకులు ఆ పదకొండింటి గురించి అడగలేదు, ఫారాలు చూసి సంతృప్తి పడ్డారు. సర్టిఫికెట్ వచ్చింది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంత: రిజిస్టరులో ఉండేది జరిగినదంతా కాదు, జరిగినదాంట్లో రాయదగినదని మనిషి అనుకున్నది. మిగతాది ఉత్తినే అడిగితే చెబుతారు. అడిగేవాడు ఒకడుండాలి.

ఇక పెంచినవి. పద్ధతి నాలుగు పేజీలు కాదు, ఒకటిన్నర. థర్మామీటరు సున్నాకు దిగలేదు, పదకొండు దగ్గర ఆగింది. మల్లేశం గారి కేక మా మేడ దాటలేదు. పూర్తిగా కల్పించింది ఒక్కటే: నా పల్లీలు రిజిస్టరులో ఉన్నాయన్నది. లేవు. అప్పుడప్పుడూ కాదు, రోజూ పొద్దున బాల్కనీలో గుప్పెడు పెట్టేవాణ్ణి. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ ఒప్పుకున్నాక నేనేమీ అనలేదు. నన్ను అడిగేవారు లేరు, అడిగేది నేనే కాబట్టి. ఆ తర్వాత దొర బతికిన ఐదేళ్ళూ వాడు కాలు ఈడ్చినప్పుడల్లా మల్లేశం గారు తన బిస్కెట్లను తిట్టుకునేవారు. ఆయనకు నేను చెప్పలేదు.