శనివారం సీసా

అత్తయ్య పోయిందని మొన్న పొద్దున్న మామయ్య ఫోన్ చేశారు. "మీ అత్తయ్య వెళ్ళిపోయిందమ్మా" అని ఫోన్ మా నాన్నగారి చేతికిచ్చారు. నరసాపురం బస్సులో దారంతా ఏడుస్తూనే ఉన్నాను. పాలకొల్లు దాటాక ఎందుకో వెండినీళ్ళ గొడవ గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. పక్క సీటులోని ఆవిడ నన్ను వింతగా చూసింది. చూడనీ. మా అత్తయ్యని తలుచుకుంటే ఎవరికైనా ఆ రెండూ కలిసే వస్తాయి.

ఆవిడ మా నాన్నగారి అక్క. ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. చేతికి ఏ ద్రవం ఇచ్చినా ముందు కిటికీ వైపు ఎత్తి వెలుతురులో చూడందే నోట పెట్టుకునేది కాదు. పెళ్ళిళ్ళలో పానకమైనా అంతే. మా అమ్మ ఉడుక్కునేది. "నా కాఫీలో ఏం కనిపించిందండీ వదినగారూ?" అంటే, "ఏమీ కనిపించలేదమ్మా, అందుకే తాగుతున్నాను" అనేది. హ్యాండ్‌బ్యాగులో దువ్వెన లేకపోయినా చిన్న టార్చిలైటు మాత్రం ఉండేది.

మా బాబు అన్నప్రాశనకని నేను పుట్టింటికి వచ్చిన రోజులవి. అత్తయ్యవాళ్ళ ఇల్లు మా ఇంటికి ఎదురే. ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. బ్యాంకు ఉద్యోగం నుంచి అప్పుడే రిటైరైన మామయ్య రోజూ అక్కడ కూర్చుని, ఓ రోజు వెండినీళ్ళ తయారీ ప్రింటు తీయించుకొచ్చారు. శుభ్రమైన నీళ్ళలో రెండు వెండి కడ్డీలు దించి బ్యాటరీ కలిపితే వెండి కంటికి కనిపించని నలుసులుగా నీళ్ళలోకి దిగుతుందట, ఆ నీళ్ళు తాగితే రోగాలు రావట. కడ్డీలెందుకు దండగ అని మామయ్య పూజామందిరంలోని పాత ఉద్ధరిణులు రెండు తీశారు. బ్యాటరీల షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చారు. పూజకి కూర్చోబోతూ వాటికి బ్యాటరీ క్లిప్పులు తగిలించేవారు, హారతి ఇచ్చాక తీసేసేవారు. అదే ఆయన గడియారం. సీసా మీద వారం పేరు రాసి, మర్నాడు పరగడుపున ఓ గ్లాసుడు పుచ్చుకునేవారు.

తాగితే ఆయన తాగారు. ఎవరం ఏమీ అనుకోలేదు. కానీ అన్నప్రాశన ఇంకో వారం ఉందనగా అందరి ముందూ చెప్పేశారు. "పిల్లాడికి మొదటి ముద్దకి ముందు ఉగ్గుగిన్నెతో వెండినీళ్ళు పోద్దాం. జన్మలో జలుబు రాదు."

మామయ్య మాటకి ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. అమ్మ కూడా "ఒక్క చెంచాయేగా" అంది. నేను బాబుని గట్టిగా ఒళ్ళోకి లాక్కుని అత్తయ్య వైపు చూశాను.

అత్తయ్య వాదించలేదు. "అందులో వెండి ఎంతుందండీ?" అని మాత్రం అడిగింది.

మామయ్య అందుకోసమే ఎదురుచూస్తున్నట్టు జేబులోంచి ఓ మీటరు తీశారు. వాటర్ ఫిల్టర్లు అమ్మే అతని దగ్గర కొన్నారట. సీసాలో ముంచి చూపించారు. "చూడు, కుళాయి నీళ్ళకంటే ఎంత తక్కువో. మంచినీళ్ళలాంటివే."

"ఆ మీటరు కరెంటుని మోసేవాటినే లెక్కపెడుతుందండీ. తేలుతున్న నలుసుల్ని అది చూడదు" అంటూ అత్తయ్య లేచి, మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ మూసేసింది. ఒక గ్లాసులో షాపు నుంచి తెచ్చిన నీళ్ళు, ఇంకో గ్లాసులో మామయ్య నీళ్ళు పోసి పక్కనుంచి టార్చి వేసింది. మొదటి గ్లాసులో ఏమీ లేదు. రెండో గ్లాసులో ఈ అంచు నుంచి ఆ అంచుకి తెల్లటి వెలుగుగీత పరుచుకుంది. మా అమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తయ్య మొహం అంతకంటే వెలిగిపోతోంది.

"వెలుగుని చెదరగొట్టాయంటే నలుసులు ఉన్నాయని తెలిసింది. ఎన్ని ఉన్నాయో తెలియాలి. ఊరికే అనుకోకూడదు, కొలవాలి" అంది. ఆ మాట ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో.

మర్నాడు ప్రిన్సిపాల్ గారిని అడిగి ల్యాబ్ తాళాలు తీసుకుంది. బాబుని అమ్మకి అప్పగించి నేనూ వెళ్ళాను. మామయ్య తన సీసాల సంచీ తనే పట్టుకొచ్చారు, పందెం కాయడానికి వచ్చినవాడిలా. బుధవారం సీసా, శనివారం సీసా తీసి ఒకే కొలతగా విడివిడిగా మరిగించింది. అడుగున కాస్త మిగిలాక నైట్రిక్ ఆసిడ్ పోసి నలుసుల్ని పూర్తిగా కరిగించింది. ముందు శనివారం దాంట్లోంచి కొంచెం తీసి అమోనియా చుక్కలు వేసింది. చూస్తుండగానే అది నీలంగా తిరిగింది, ముదురు నీలం. నేను స్టూలు మీంచి లేచిపోయాను.

"వెండికి నీలం రాదే. ఇది రాగి" అంది అత్తయ్య. "ఉద్ధరిణి గట్టిగా ఉండాలని కంసాలి రాగి కలుపుతాడు కదండీ. మీరు వెండితో పాటు రాగీ తాగుతున్నారు."

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తరవాత అసలు కొలత. బ్యూరెట్ అనే గీతల గాజుగొట్టంలోంచి చుక్క చుక్కగా మందు వదలాలి. వెండి ఉన్నంతసేపూ ఎర్రరంగు వచ్చి మాయమైపోతుంది. వెండి అయిపోయాక ఒక్క చుక్కకి రంగు నిలబడిపోతుంది. బుధవారం దానికి తొందరగానే నిలబడింది. శనివారం దానికి వస్తోంది, పోతోంది. వస్తోంది, పోతోంది. "ఇంకా తాగుతోంది చూడు, ఇంకా తాగుతోంది" అంటూ అత్తయ్య చిన్నపిల్లలా ఊగిపోతోంది. మామయ్య కూడా మేజా మీదికి వంగిపోయారు. రంగు నిలబడ్డప్పుడు ముగ్గురం ఒక్కసారే ఊపిరి వదిలాం. మామయ్య మీటరు చెప్పినదానికి ఎన్నో రెట్లు. బుధవారానికీ దానికీ పొంతనే లేదు.

"ఒకే బ్యాటరీ, అవే నీళ్ళు. ఇంత తేడా ఎలా వస్తుందే?" అన్నారు మామయ్య.

అత్తయ్య నవ్వాపుకుంటూ అంది. "శనివారం మీ పూజ ఎంతసేపండీ?"

శనివారం వెంకటేశ్వరస్వామికి ఆయన పూజ పెద్దది. పైగా వచ్చినవాళ్ళందరికీ ప్రసాదం పెట్టాకే హారతి. అంతసేపూ ఉద్ధరిణులు నీళ్ళలో కరుగుతూనే ఉండేవి. ల్యాబులో నీలం తిరిగిన ఆ శనివారం నీళ్ళనే శ్రేష్ఠమైనవని పిల్లాడి కోసం దాచారాయన.

"అయితే వాడికి పొయ్యొద్దంటావు."

"వాడికే కాదు, మీక్కూడా. మీ ఒంట్లో చేరినదాన్ని నేను బ్యూరెట్‌తో కొలవలేనండీ" అంది. సంచీలో మిగిలిన సీసాలన్నీ తనే సింకులో ఒంపేసింది. అప్పటిదాకా ఆవిడ భయమంతా నా బిడ్డ గురించే అనుకున్నాను.

అన్నప్రాశన నాడు ఉగ్గుగిన్నెలో కాచి చల్లార్చిన నీళ్ళు పోశాం. మామయ్యే పట్టారు. ఇప్పుడు వాడు ఆరో తరగతి, జలుబులకి లోటు లేదు. సైన్సు నోట్సు రాసుకోమంటే మాత్రం, "కొలిచారా?" అని టీచర్నే అడుగుతాడట.

నేను వెళ్ళేసరికి అత్తయ్యని హాల్లో పడుకోబెట్టారు. తులసి నీళ్ళు పొయ్యమని పురోహితులు గారు మామయ్యకి చెప్పారు. ఆయన లోపలికెళ్ళి పాత ఉద్ధరిణి తెచ్చారు. అంచు కరిగి ఆకులా పల్చబడ్డ ఆ ఉద్ధరిణిని నేను వెంటనే గుర్తుపట్టాను. దాన్ని నీళ్ళలో ముంచి, అత్తయ్య పెదవుల దాకా తెచ్చి ఆగారు. వెనక్కి తిరిగి కిటికీ వైపు ఎత్తి, ఆ చెంచాడు నీళ్ళనూ వెలుతురులో చాలాసేపు చూశారు. పురోహితులు గారు తొందరపెట్టలేదు. చూడటం అయ్యాక, ఒక్క చుక్క కూడా ఒలకకుండా పోశారు.