నులివెచ్చగానే ఉన్నాయి

ఇవాళ మధ్యాహ్నం మా అమ్మాయికి చెప్పులు కొనడానికి అబిడ్స్ వెళ్ళాం. కొట్టతను నెరిసిన గడ్డం మనిషి. దాని కుడికాలు తన మోకాలి మీద పెట్టుకుని బకిల్ బిగిస్తూ చటుక్కున ఆగాడు. "గీ మచ్చ ఏంది బిడ్డా? కాలిందా?" అన్నాడు. "కాదంకుల్, పుట్టినప్పట్నించీ ఉంది" అంది నా ఏడేళ్ళ కూతురు, తన పేరు చెప్పుకున్నంత ధీమాగా. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. నేను అద్దాల బీరువాలో ఉన్న బూట్లేవో చూస్తున్నట్టు నటించాను. పుట్టుమచ్చ అని దానికి చెప్పింది నేనే. కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ అది ముందు, నేను వెనక, నాంపల్లి ఇంటిదాకా నడిచొచ్చాం. నాకు మాత్రం దారి పొడుగునా ఇరానీ చాయ్ వాసనకి బదులు గంధకం వాసన వేసింది. ఇప్పుడు పిల్లలిద్దరూ పడుకున్నారు, రాయడానికి కూర్చున్నాను.

నేను భయస్తురాలిని, ముందే చెప్పుకోవడం మంచిది. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. దానివల్ల ధైర్యమేమీ రాలేదు కానీ, ఏది కరిస్తే ఎంతసేపట్లో ఏమవుతుందో తెలిసింది. పిల్ల పుట్టాక ఈ చదువంతా నా మీద పగబట్టింది. నిద్రలో దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని చూసేదాన్ని. ద్రాక్షపండుని నాలుగు ముక్కలు చేసి పెట్టేదాన్ని. కాబట్టి దానికి మూడేళ్ళు నిండిన ఏడాది, డిసెంబరులో, మా ఆయన "కిన్నెరసాని అడవి చూసి, అటునుంచి మణుగూరు వైపు వెళ్దాం, అక్కడ పొలాల్లో బోరులోంచి వేడినీళ్ళు వాటంతటవే ఎగజిమ్ముతాయట" అన్నప్పుడు, నాకు కళ్ళముందు కనపడింది నీళ్ళు కాదు, మొసళ్ళు. మామ్మగారు మాత్రం పెట్టె సర్దేసుకున్నారు.

మామ్మగారంటే మా ఆయనకి నాయనమ్మ. ఆఫీసులన్నీ కర్నూలు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు గుమాస్తా భర్త వెంట బందరు యాస ఒక్కటి మోసుకుని ఈ ఊరొచ్చి, నాంపల్లి స్టేషను వెనక సందులో కిరాయికి దిగి, ఇక కదలని మనిషి. పసిపిల్లలకి స్నానం పోయడంలో ఆవిడకి పెద్ద పేరు. సందులో ఏ మతంవాళ్ళింట్లో పురుడొచ్చినా కబురు ఈవిడకే. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా దోపి, కాళ్ళు చాపి, బిడ్డని బోర్లా వేసుకుని, కుడి అరచెయ్యి గంగాళంలో ముంచి "నులివెచ్చగానే ఉన్నాయి" అనేవారు. ఆ మాట అయ్యాక మళ్ళీ ఎవరూ చెయ్యి పెట్టి చూడక్కర్లేదు. మా మామగారు, మా ఆయన, నా కూతురు, మూడు తరాలూ ఆ అరచేతి మాట మీదే తలంటి పోయించుకున్నారు. కాగుతున్న పాలగిన్నెని ఆవిడ పట్టుకారు లేకుండా దించుతుంటే నాకు ఒళ్ళు జలదరించేది. "అరవయ్యేళ్ళు పొయ్యి దగ్గర కాలిన చేతులే అమ్మాయ్, వీటికిక కొత్తగా కాలేదేముంది!" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

తెల్లవారకముందే బయల్దేరాం. అఫ్జల్‌గంజ్ నుంచి అద్దె కారు. డ్రైవరు నా సంచీ ఎత్తబోయి "ఏంది మేడం, దవాఖాన మొత్తం తెచ్చిన్రా?" అన్నాడు. అందులో కుక్క కరిస్తే కడగడానికి సబ్బు, విరేచనాలైతే నీళ్ళలో కలిపి తాగించే పొడి, జ్వరం కొలిచేది, దోమల మందు, ఒక విజిల్. విజిల్ ఎందుకని మా ఆయన అడిగితే, తప్పిపోతే ఊదడానికన్నాను. దారిలో ఆ విజిల్ మా అమ్మాయికి దొరికింది. కొత్తగూడెం దాకా ఎవరికీ కునుకు లేదు.

కిన్నెరసాని జలాశయం ఒడ్డున అద్దంలా నీళ్ళు, నీళ్ళ మధ్య బురదతిన్నె, దాని మీద తాటిమొద్దులాంటిది. ఆ మొద్దు నోరు తెరిచింది. నేను పిల్లని ఎత్తుకుని కారు దాకా పరిగెత్తాను. మొసలికీ మాకూ మధ్య అర కిలోమీటరు నీళ్ళున్నాయని మా ఆయన వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. మామ్మగారు మాత్రం కంచె పట్టుకుని "ఎండకి పడుకుంది పాపం, దాని మానాన దాన్ని వదిలెయ్యండర్రా" అన్నారు. మధ్యాహ్నం మణుగూరు దారిలో, రెండు వైపులా టేకుచెట్ల మధ్య, మలుపు తిరగ్గానే అడవిదున్న. రోడ్డుకి అడ్డంగా నిలబడింది. కారుకన్నా ఎత్తు. నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ కింద తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు కాళ్ళు. డ్రైవరు ఇంజను ఆపేసి, "సప్పుడు చెయ్యకున్రి. గదే పోతది" అన్నాడు నోట్లోనే. నేను మా అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టాను. నా గుండె చప్పుడు దున్నకి వినపడుతుందేమోనని ఆ భయం వేరే. దున్న మమ్మల్ని చూసి, విసుగొచ్చినట్టు ముక్కుతో ఒక ఊపిరి వదిలి, ఎడమవైపు పొదల్లోకి దిగిపోయింది. అంత పెద్ద ఒళ్ళు దిగితే ఆకు కదిలిన చప్పుడు కూడా కాలేదు.

అంతే, కారులో నవ్వులే నవ్వులు. "నీ మొహం చూసి జడుసుకుంది పాపం" అన్నాడు మా ఆయన. "మేడం విజిల్ ఊదుతదనుకున్న" అన్నాడు డ్రైవరు. మామ్మగారు కూడా నా భుజం తట్టి, "ఇంత పిరికితనమైతే పిల్లకీ అదే వస్తుందే" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజం కదా అనిపించింది. సాయంత్రం దాకా ఇక నోరెత్తకూడదని ఆ టేకుచెట్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఒట్టు నాలుగింటి దాకా నిలబడింది. అదే నా తప్పు.

ఎప్పుడో బొగ్గు కోసం తవ్విన బోరట. బొగ్గుకి బదులు నీళ్ళొచ్చాయి, మూత వెయ్యడం ఎవరివల్లా కాలేదు. వరి కోసేసిన పొలం మధ్య ఇనుపగొట్టం, అందులోంచి మనిషెత్తున నీళ్ళు, చుట్టూ ఆవిరి, దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన. గొట్టం దగ్గరికెళ్ళకుండా మేం కాలవ వెంట కొంత దూరం కిందికి నడిచాం. ఇక్కడికి చల్లారి ఉంటాయని అందరికీ అనిపించింది. ఇంకా దిగువన ఎవరో బట్టలు ఉతుక్కుంటున్నారు. మామ్మగారు గట్టు మీద కూర్చుని, కుడి అరచెయ్యి నీళ్ళలో ముంచారు. కాసేపు అలాగే ఉంచారు. "నులివెచ్చగానే ఉన్నాయి. ఇలా ఇయ్యి పిల్లని, కాళ్ళు కడుగుతాను, అలసట పోతుంది" అన్నారు.

నీళ్ళ మీద పొగ కనిపిస్తూనే ఉంది. నేను నోరు తెరిచాను. మా ఆయన నా వైపు చూసి "ఇదిగో, మొదలు" అని నవ్వాడు. చలికాలం సాయంత్రం, స్నానం నీళ్ళకి పొగ రాదా అని నాకు నేనే చెప్పుకున్నాను. వంగి నా చెయ్యి పెట్టి చూడడానికి ఒక్క క్షణం చాలు. మామ్మగారు చూశాక మళ్ళీ నేను చూడడమా అనిపించింది. పిల్లని నా చేతులతోనే ఇచ్చాను.

కుడికాలు చీలమండ దాకా మునిగింది. ఆ కేక రాయలేను. మామ్మగారు పిల్ల జడుసుకుందనుకుని "ఏం లేదమ్మా, ఏం లేదు" అంటూనే ఉన్నారు. నేను లాక్కున్నాను. మా ఆయన టూత్‌పేస్టు టూత్‌పేస్టు అంటూ నా సంచీ మొత్తం గట్టు మీద కుమ్మరించాడు. నేను తెచ్చిన అన్ని మందుల్లో కాలినదానికి ఒక్కటీ లేదు. డ్రైవరు కారులోంచి ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏం పుయ్యకున్రి! రుద్దకున్రి! సల్లని నీళ్ళు పొయ్యున్రి, పోస్తనే ఉండున్రి!" ఆ క్యాను ఖాళీ అయ్యేదాకా పోశాం. తర్వాత తడిపిన నా చున్నీ చుట్టి కారెక్కాం.

అడవి దారి. చీకటి పడుతోంది. ఫోనులో సిగ్నల్ లేదు. పొద్దుట్నించీ భయపడ్డ జంతువులన్నీ ఆ చెట్ల వెనకే ఉండి ఉంటాయి, ఒక్కటీ గుర్తు రాలేదు. దున్న అడ్డం నిలబడితే నేనే దిగి తోలేసేదాన్ని. పిల్ల ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుండి ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఏడుపుకన్నా భయంగా ఉంది. నిద్రా, మరేమైనానా? మళ్ళీ దాని ముక్కు దగ్గర వేలు పెట్టాను. పక్కన మామ్మగారు రెండు చేతులూ పైటలో దాచుకుని కూర్చున్నారు. ఆవిడ వైపు నేను చూడలేదు. చూస్తే ఏమంటానోనని కూడా ఒక భయం.

ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టరమ్మ పాదం శుభ్రం చేసి, పైచర్మమే, వెంటనే చన్నీళ్ళు పొయ్యడం మంచిదైంది, మానుతుంది, మచ్చ ఉంటే ఉండొచ్చు అంది. నేను పిల్లని ఒళ్ళో వేసుకుని బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు నర్సు "అమ్మమ్మా, మీ చెయ్యేంటి అలా ఉంది?" అంది.

మామ్మగారు పైటలోంచి చెయ్యి తీశారు. అరచెయ్యంతా ఎర్రగా ఉబ్బి, వేళ్ళ మీద పెద్ద బొబ్బలు. ఒకటి చితికి కారుతోంది. ఆవిడ ఆ చెయ్యిని పక్కింటివాళ్ళ వస్తువు తన ఇంట్లో దొరికినట్టు చూశారు. "ఇదెప్పుడైంది?" అన్నారు.

డాక్టరమ్మ షుగరు ఎన్నాళ్ళనుంచీ అని అడిగింది. ఇరవయ్యేళ్ళు. కళ్ళు మూసుకోమని, రెండో చేతిని, కాలని చేతిని తీసుకుని, పెన్ను మొనతో వేలి చివర నొక్కింది. "ఎక్కడ ముట్టుకున్నానో చెప్పండి." మామ్మగారు కళ్ళు మూసుకునే, బుద్ధిగా, "ఇంకా ముట్టుకోలేదుగా అమ్మా" అన్నారు. పెన్ను అప్పటికి మూడో వేలి మీద ఉంది. నేను రెండు చేతులతో నా నోరు మూసుకున్నాను. వచ్చేముందు రోజు కూడా పిల్లకి తలంటింది ఆ చేతులే. ఎన్ని వందల స్నానాలు, ఏ దేవుడి దయవల్లో, సరిగ్గా జరిగాయో.

మర్నాటి నుంచి ఆవిడ పొయ్యి దగ్గరికి రాలేదు. మా అబ్బాయి పుట్టినప్పుడు పీట వెయ్యబోతే, "నేను ముట్టుకోను" అని హాల్లోకి వెళ్ళిపోయారు. నాకు బాధ కలగలేదు, హమ్మయ్య అనిపించింది. ఆ అనిపించడం నన్ను పదిరోజులు నిద్రపోనివ్వలేదు. పదకొండో రోజు వేడినీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, నా మోచెయ్యి ముంచి చూసి, హాల్లోకి వెళ్ళి "నులివెచ్చగానే ఉన్నాయి, రండి మామ్మగారూ" అన్నాను. ఆవిడ నా తడి మోచెయ్యి వైపు చూశారు. తర్వాత వచ్చి, కూర్చుని, కాళ్ళు చాపారు. ప్రతి చెంబుకీ ఆగి, "చూశావా?" అని అడిగేవారు. "చూశాను" అంటేనే పోసేవారు. వాడికి ఏడాది నిండేదాకా అలాగే సాగింది. తర్వాత ఆవిడ లేవలేని స్థితికొచ్చారు, ఆ వేసవి దాటలేదు.

వయసంటే జుట్టు నెరవడం, నడుం వంగడం అనుకునేదాన్ని. కనపడేవి వస్తే మనకి తెలుస్తుంది. కనపడకుండా పోయేవి ఎప్పుడు పోయాయో, ఆ మనిషికి కూడా తెలీదు. రోజూ మావాడి స్నానం నీళ్ళలో మోచెయ్యి ముంచుతాను, తర్వాత అరచెయ్యి కూడా పెట్టి చూసుకుంటాను. ఇప్పటికైతే తెలుస్తోంది.