గాలి తీసింది ఆయన కాదు

మోజుపడి బయటి షాపులో కారుకి కొత్త అల్లాయ్ వీల్స్ వేయించుకున్నాను. నెల తిరక్కుండానే ముందు ఎడమ టైరులో నాలుగు రోజులకోసారి గాలి తగ్గిపోవడం మొదలైంది. ప్రతిసారీ ముందుగా చూసి నాకు చెప్పేది మా కింది ఫ్లాట్‌లో ఉండే అప్పారావు గారే. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయిన పెద్దాయన. పోయిన వారం పార్కింగ్‌లో నలుగురి ముందూ, "ఎప్పుడూ మీకే ముందు ఎలా తెలుస్తోందండీ?" అని అడిగేశాను. గాలి తీస్తున్నది తనేనని నా అనుమానమని ఆయనకు అర్థమైంది. లోపలికి వెళ్లిపోయారు.

ఈ రోజు మధురవాడ పంక్చర్ షాపులో అప్పలరాజు చక్రం ఊడదీసి నీళ్ల తొట్టిలో ముంచాడు. టైరులో మేకు లేదు, వాల్వు బాగానే ఉంది. రిమ్ము లోపలి అంచు దగ్గర మాత్రం సన్నగా బుడగలు వస్తూనే ఉన్నాయి.

"టైరుకేటీ అవలేదు బావా. నీ కొత్త రిమ్మే పగిలింది. ఎక్కడో గోతిలో గట్టిగా దించేసుంటావ్."

భీమిలి రోడ్డులో నేను కారు దించేసిన గొయ్యి గుర్తొచ్చింది.

తిన్నగా వెళ్లి అప్పారావు గారి తలుపు కొట్టాను. "తప్పయిపోయిందండీ. రిమ్ము పగిలిందట" అన్నాను.

"పొద్దున్న కూడా గాలి దిగిపోయుంటే సూసినాను బాబూ. నువ్వు మీ పాపని స్కూల్లో దింపాల గదా, సెప్దామనుకున్నాను. మళ్లీ ఏటంటావో అని ఆగిపోనాను" అన్నారాయన.

నలుగురిలో అన్న మాటకి గుమ్మంలో చెప్పిన క్షమాపణ చాలదనిపించి ఇక్కడ రాస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ వాళ్లెవరైనా చదివితే, ఆ రోజు పార్కింగ్‌లో ఉన్న మిగతావాళ్లకి కూడా చెప్పండి.