లాసోకి మూడు ముళ్లు

మా తమ్ముడు జోయెల్ పెళ్లి వచ్చే శనివారం, ఇక్కడే జర్మనీలో, మా ఊరు బ్యోబ్లింగెన్‌లో. అమ్మాయి లూసియాది మెక్సికో. వాళ్ల పెళ్లిళ్లలో లాసో అని ఒక పూసల తాడు ఉంటుంది. ప్రార్థనప్పుడు దాన్ని ఎనిమిది అంకెలా తిప్పి ఇద్దరి భుజాల మీద వేస్తారు. వేయాల్సిన లూసియా పిన్నీ బాబాయీ కరోనా వల్ల రాలేకపోతున్నారు. పెళ్లికొడుకు ఇంట్లో ఉండేవాళ్లు తప్ప ఎవరూ జంట దగ్గరికి వెళ్లకూడదని చర్చిలో రూలు. "రెండు వారాలేనక్కా" అంటూ వచ్చి ఎనిమిది నెలలుగా మా సోఫా వదలని తమ్ముడి ఆన్‌మెల్డుంగ్, అంటే ఇక్కడి ఇంటి రిజిస్ట్రేషన్, మా అడ్రసుకే ఉంది కాబట్టి ఆ పని నాకూ మా ఆయనకూ పడింది.

ఈ సాయంత్రం బట్టలారేసే తాడుతో రిహార్సల్ చేశాం. విమానాల్లేక తనూ రాలేకపోతున్న లూసియా వాళ్లమ్మగారు వీడియో కాల్‌లో చూస్తున్నారు. మా ఆయన తాడు చక్కగా వేసి, ఎవరూ అడక్కుండానే వెనక్కి వెళ్లి మూడు ముళ్లు వేసేశారు!

"అయ్యో, ముడి వేయకూడదు. ప్రార్థన అయ్యాక తీసేయాలి కదా!" అంది లూసియా.

"ఏం చేయనమ్మా, మావైపు తీసే అలవాటు లేదు," అన్నారు మా ఆయన.

లూసియా ఆ మాట స్పానిష్‌లో చెప్పగానే వాళ్లమ్మగారు కదల్లేదు. నెట్ ఆగిందనుకున్నాం. ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఒక్క ముడి ఉంచండి. విమానాలు మళ్లీ తిరిగాక నేనే వచ్చి విప్పుతాను," అన్నారట.

మా ఆయన వేసిన ముడి నాకే ఊడదు. ఆవిడ వచ్చేదాకా జారకుండా, వచ్చాక ఆవిడ వేళ్లకి సులువుగా విడిపోయే ముడి ఏదైనా తెలిస్తే చెప్పండి.