అన్నతో హిందీలో మాట్లాడిన రోజు

అబుదాబి ఊరి బయట మఫ్రఖ్‌లో మా కంపెనీ కార్మికుల వసతి భవనాలు కడుతున్నప్పుడు నేను అక్కడ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. డిప్లొమా చదివి వచ్చిన నాకు అది మంచి ఉద్యోగమే. నా పని జాబితాలు రాయడం. ఏ గదిలో తలుపు సరిగ్గా మూతపడటం లేదు, ఏ బాత్రూంలో నీళ్ళు జాలీ వైపు కాకుండా గోడ వైపు పారుతున్నాయి, ఏ స్విచ్చు వంకరగా బిగించారు, అన్నీ వరుసగా నంబర్లు వేసి రాసేవాడిని. నా జాబితాలో ఒక్క లోపం కూడా తప్పిపోదని సైటంతా పేరుండేది.

మా ముదీర్, అంటే ప్రాజెక్టు మేనేజర్, ఇంగ్లండ్ మనిషి. యాభై దాటినవాడు, ఒంటరివాడు. మధ్యాహ్నం భోజనం వేళ తన క్యాబిన్‌లో లాప్‌టాప్ మీద ఒక పాత బ్రిటిష్ కామెడీ సీరియల్ పెట్టుకునేవాడు. ఒకరోజు నేను సంతకాల కోసం వెళితే, కూర్చో, తింటూ చూడు అన్నాడు. ఆ తర్వాత అది అలవాటయింది. ఆయన సాండ్‌విచ్, నా టిఫిన్ డబ్బా, మధ్యలో ఆ సీరియల్.

లండన్‌లో వీధి అంగడిలో సరుకు అమ్ముకుని బతికే ఒక కుటుంబం కథ అది. ఇద్దరు అన్నదమ్ములు, ఇంట్లో ఒక ముసలాయన. అన్న నోటి బలంతో దేన్నైనా అమ్మేస్తాడు. తమ్ముడు కొద్దిగా చదువుకున్నవాడు, నలుగురిలో అన్నను చూసి ఇబ్బంది పడుతుంటాడు. వాళ్ళ యాస నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది. అయినా ఆ అన్న సరుకు ముందు నిలబడి గొంతెత్తగానే తర్వాత ఏమంటాడో నాకు ముందే తెలిసిపోయేది. ఇదే ఆఖరిది, ఇంకొకరికి ఇస్తానని మాటిచ్చాను, మీ మొహం చూసి మీకిస్తున్నాను. ఈ మాటలన్నీ మా ఇంట్లో విన్నవే.

మా నాన్నది అంగళ్ళలో బట్టల వ్యాపారం. సోమవారం ఒక ఊరు, బుధవారం ఒక ఊరు, శనివారం మా ఊరు. బనీన్లు, లుంగీలు, తువ్వాళ్ళు. పదో తరగతి తర్వాత అన్న కూడా ఆ మూటల్లోకే దిగాడు. నేను బడికి సెలవైనప్పుడు వెళ్ళి గొడుగు కర్ర పట్టుకుని కూర్చునేవాడిని.

ఇదంతా ముదీర్‌కు చెప్పవచ్చు. ఆయన అడిగాడు కూడా, మీ నాన్న ఏం చేస్తాడని. టీచర్ అన్నాను. ఎందుకన్నానో ఆ క్షణంలో ఆలోచించలేదు. తెర మీద ఆ కుటుంబాన్ని చూసి ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుతున్నాడు. ఆ నవ్వులో నేను ఆయన పక్క కుర్చీలో ఉండాలనుకున్నాను, తెర మీద కాదు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన నవ్వుకు నేను రుచి మరిగాను. మా ఊరి అంగట్లోనూ ఇలాంటి మనిషి ఒకడున్నాడని మొదలుపెట్టాను. ఒక మనిషి అన్నానే కానీ మా అన్న అనలేదు. ఆ మనిషి ఒకసారి హైదరాబాద్‌లో చవకగా దొరికాయని దోమతెరల మూట తెచ్చాడు. విప్పి చూస్తే అన్నీ చంటిపిల్లల ఊయల మీద కప్పే బుల్లి తెరలు. మర్నాడు అంగట్లో ఒకదాన్ని నెత్తికి తగిలించుకుని నిలబడి, తేనె కొట్టేటోళ్ళకు ముసుగు, కోడిపిల్లల మీద కప్పితే గద్ద రాదు అని అరిచి మొత్తం అమ్మేశాడు. ముదీర్ బల్ల మీద చరిచి నవ్వాడు. నేను కుర్చీలోంచి లేచి, నెత్తి మీద తెర ఉన్నట్టు నటించి కూడా చూపించాను. ఆ మూట అమ్ముడుపోయిన మర్నాడు అదే మనిషి నన్ను బస్సెక్కించి తీసుకెళ్ళి పాలిటెక్నిక్‌లో చేర్పించి వచ్చాడని మాత్రం చెప్పలేదు.

ఇంకో రోజు బోణి గురించి చెప్పాను. పొద్దున తొలి బేరాన్ని అంగడివాళ్ళు వదులుకోరు. మొదట వచ్చినవాడు కొనకుండా పోతే రోజంతా అలాగే పోతుందని భయం. అందుకే నష్టానికైనా ఇచ్చేస్తారు. ఆ డబ్బును రెండు కళ్ళకూ అద్దుకుని అప్పుడు జేబులో వేస్తారు. నేను వేళ్ళను కళ్ళకు అద్దుకుని చూపిస్తే ముదీర్ కూడా అద్దుకుని చూశాడు. ఇద్దరం నవ్వాం.

అప్పటికి మా అన్న మఫ్రఖ్‌లోనే ఉన్నాడు. నా తర్వాత రెండేళ్ళకు వేరే కంపెనీలో షట్టరింగ్ పనికి వచ్చాడు. మేం కడుతున్న భవనాలకు ఆనుకునే ఉన్న పాత క్యాంపులో ఒక గదిలో పదిమందితో ఉండేవాడు. నాకు సిటీలో కంపెనీ ఫ్లాటు. నెలకు రెండుసార్లు వెళ్ళి కలిసేవాడిని. శుక్రవారం సెలవు కదా, ఆ పొద్దున అన్న క్యాంపు గేటు దగ్గర దుప్పటి పరిచి లుంగీలు, సాక్సులు, టోపీలు అమ్మేవాడు. సరుకు బర్ దుబాయ్ బట్టల సందుల్లోంచి తానే బస్సులో మోసుకొచ్చేవాడు. అనుమతి లేని వ్యాపారం, చెకింగ్ వస్తే మూట కట్టి పరుగే. వద్దన్నా వినడు. "గమ్మున పండుకుంటె చెయ్యి గుంజుతది తమ్మీ, జెరసేపు అమ్మితెనే పానం మంచిగుంటది" అనేవాడు.

ఒక గురువారం ముదీర్ చెప్పాడు, రేపు సెలవైనా మనం మఫ్రఖ్ వెళ్ళాలి, భవనం అప్పగించే ముందు ఆఖరి జాబితా పూర్తి చేయాలని. నాకు వెంటనే గేటు, దుప్పటి గుర్తొచ్చాయి. నా ముందు మూడు దారులున్నాయని లెక్క వేసుకున్నాను. ముదీర్‌కు నిజం చెప్పడం. అన్నకు నిజం చెప్పడం. ఎవరికీ చెప్పకుండా అన్నను అక్కడ లేకుండా చేయడం. మూడోదే అన్నిటికన్నా శుభ్రంగా కనిపించింది. అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, రేపు గేటు కాడ దుకాణం పెట్టకు."

"ఎందుకురా?"

"చెకింగ్ ఉన్నదట. మున్సిపాలిటోళ్ళు వస్తరట."

"నీకెవ్వలు చెప్పిండ్రు?"

"ఆఫీసుల విన్న."

"మంచిగ చెప్పినవ్. నిన్ను సదివిపిచ్చినందుకు గిట్లన్న అక్కరకొస్తున్నవ్ పో," అని నవ్వాడు. "ఖలాస్. గేటు కాడ పెట్టనే పెట్ట."

అన్నాడంటే అన్నట్టే. మర్నాడు పొద్దున గేటు దగ్గర ఎవరూ లేరు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ముదీర్ ఎండ తప్పించుకోవడానికి కారును క్యాంపు వెనక వైపుకు తిప్పి, అక్కడున్న చిన్న కిరాణా కొట్టు గోడ నీడలో ఆపాడు. ఆ గోడ పక్కనే అన్న అప్పుడే మూట విప్పి దుప్పటి సర్దుతున్నాడు. గేటు దగ్గర పెట్టకు అన్నాను, పెట్టలేదు. నా మాట మీద నమ్మకంతో ఇక్కడికి మారాడు.

హెల్మెట్లు పెట్టుకుని, చేతిలో కాగితాలతో దిగిన ఇద్దరిని చూడగానే చెకింగే అనుకున్నాడు. దుప్పటి నాలుగు కొసలూ ఒక్కసారిగా పట్టి లాగాడు. అప్పుడు నా మొహం కనిపించింది. ఆగిపోయాడు. మెల్లగా నవ్వు మొదలైంది.

"ఆగమను, భయపడొద్దని చెప్పు. ఏమేం ఉన్నాయో చూపించమను," అన్నాడు ముదీర్ నాతో, సరదాగా. "ఇది నువ్వు చెప్పిన అంగడి కదూ!"

అన్న నోరు తెరవబోతున్నాడు. తమ్మీ అంటాడని నాకు తెలుసు. ఆ పిలుపు ముదీర్‌కు అర్థం కాకపోవచ్చు, కానీ ఆ గొంతులోని చనువు అర్థమవుతుంది. నేను ముందే అందుకున్నాను.

"క్యా క్యా హై? సాబ్ కో దిఖావ్."

పుట్టి బుద్ధెరిగాక మా అన్నతో నేను హిందీలో మాట్లాడటం అదే మొదటిసారి. ఎవడో తెలియని పనివాడితో మాట్లాడినట్టు, గొంతు కాస్త పెంచి మరీ అడిగాను. అన్న నవ్వు సగంలో నిలిచిపోయింది. నా వైపు చూశాడు, ముదీర్ వైపు చూశాడు. ఒక్క క్షణం పట్టింది. తర్వాత తల వంచి దుప్పటి పరిచాడు.

"జీ సాబ్," అన్నాడు.

ఆ సాబ్ ముదీర్‌కు కాదు, నాకు.

ముదీర్ వంగి ఒక నీలం గళ్ళ లుంగీ తీసుకున్నాడు. ఏదో గుర్తొచ్చి నా చెవి దగ్గరకు వచ్చాడు. "ఈరోజు ఇప్పటిదాకా ఏమైనా అమ్మాడేమో అడుగు."

నేను అడగకుండా ఉండవచ్చు. అమ్మాడట అని నేనే చెప్పవచ్చు. ఇవి ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు మాత్రం జాబితాలో తర్వాతి గడి నింపినట్టు అడిగేశాను.

"బోహ్నీ హో గయీ క్యా?"

"అభీ నహీ, సాబ్."

బోణి అయిందని అబద్ధమాడటం అన్నకు చేతకాదు. ముదీర్ నాకు కన్నుగీటి, లుంగీ పట్టుకుని ఒక వేలు చూపించాడు. ఒక్క దిర్హం. అన్న నవ్వుతూ తల ఊపి అసలు ధర చెప్పాడు. ముదీర్ లుంగీ కింద పెట్టేసి, కారు వైపు రెండడుగులు వేశాడు. అంగళ్ళలో కొనేవాళ్ళు చేసేదే. కానీ తొలి బేరం, వెళ్ళిపోతున్నది తమ్ముడితో వచ్చిన పెద్దమనిషి. అన్న నా మొహంలోకి చూశాడు. ఏం చేయమంటావని అడుగుతున్నట్టుంది. నేను చేతిలో కాగితాలు తిరగేశాను.

"లేలో సాబ్," అన్నాడు అన్న.

ముదీర్ తిరిగొచ్చి దిర్హం బిళ్ళ ఇచ్చాడు. అన్న దాన్ని రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. అది చూడగానే ముదీర్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "అచ్చం నువ్వు చూపించినట్టే!" అంటూ తన వేళ్ళను కళ్ళకు అద్దుకుని నన్ను చూపించాడు. అన్నకు ఇంగ్లీషు రాదు. ఆ వేళ్ళను చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఈ ముచ్చట ఎవరు చెప్పి ఉంటారో, ఎలా నవ్వుకుంటూ చెప్పి ఉంటారో అంతా ఆ చేతి కదలికలోనే ఉంది.

ముదీర్ చెడ్డవాడు కాదు. ఆట అయిపోయిందన్నట్టు జేబులోంచి పెద్ద నోటు తీసి ఇవ్వబోయాడు. అన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సౌదా హో గయా, సాబ్." బేరం అయిపోయింది, బోణి బేరాన్ని మళ్ళీ తిప్పకూడదు. ఆయనకు చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. చెప్పాను. ఆ పొద్దున నేను సరిగ్గా చేసిన అనువాదం అదొక్కటే.

ఆ రోజు జాబితాలో ముప్పై లోపాలు రాశాను. తలుపులు, టైల్సు, పైపులు. గది తర్వాత గది తిరుగుతుంటే కిటికీల్లోంచి ఆ గోడ నీడ కనిపించేది. ప్రతి కిటికీ దగ్గరా బిగింపులు చూస్తున్నట్టు తల దించుకుని పనిచేశాను.

ఆఫీసువాళ్ళకు శనివారమూ సెలవే, ఆదివారం మళ్ళీ డ్యూటీ. భోజనం వేళ ముదీర్ లాప్‌టాప్ తెరిచాడు. లుంగీ కట్టుకోవడం రాక బాల్కనీలో ఎలా జారిపోయిందో చెప్పి నవ్వబోతుంటే, ఆ లుంగీ అమ్మినవాడు మా అన్న అని చెప్పాను. దోమతెరలు అమ్మింది కూడా అతనే, మా నాన్న టీచర్ కాదు అని కూడా చెప్పాను. ఆయన సీరియల్ ఆపేశాడు. సాండ్‌విచ్ కాగితాన్ని మడతలు పెట్టాడు.

"మా నాన్నకూ బజార్లో కూరగాయల బండి ఉండేది," అన్నాడు చివరకు. "నేను దీన్ని ఎందుకు చూస్తాననుకున్నావు?" లాప్‌టాప్ మూసి, "మీ అన్న అయితే నన్నెందుకు ఆపలేదు?" అని అడిగాడు.

నేను టిఫిన్ డబ్బా మూత పెట్టి లేచాను. తర్వాత ఆయన నన్ను ఏనాడూ తక్కువగా చూడలేదు, కానీ నా ముందు మళ్ళీ ఆ సీరియల్ పెట్టలేదు.

తర్వాతి శుక్రవారం పొద్దున్నే మొదటి బస్సుకు మఫ్రఖ్ వెళ్ళాను. ఒకటే అనుకున్నాను. ఆ రోజు అన్నకు బోణి నేనే చేయాలి, అడిగిన ధరకు, తెలుగులో. అన్న గోడ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కన మూట, దానికి తాడు ముడి వేసినట్టే ఉంది.

"ఏంరా, గింత పొద్దుగాల?"

"ఏం లేదన్నా. నాకొక లుంగీ కావాలె. నేనే బోణి చేస్త."

అన్న నన్ను చూసి, మూటను చూసి, మళ్ళీ టీ వైపు చూశాడు.

"బోణి అయిపాయె తమ్మీ. నీకు లుంగీ కావాలంటె ఉత్తగనే తీస్కపో."

అన్న టీ కప్పు కింద పెట్టి ముడి విప్పాడు. "నిలబడతవేంది? ఆ కొస పట్టు," అన్నాడు. ఇద్దరం దుప్పటి పరిచాం. చిన్నప్పటి అలవాటే కాబట్టి నా చేతులకు పని తెలుసు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయని చెప్పాడు. నా ఉద్యోగం ఎలా ఉందని అడిగాడు. గడిచిన శుక్రవారం గురించి ఒక్క మాట ఎత్తలేదు.

ఇంతలో అన్న గదిలోనే ఉండే నిజామాబాద్ వైపు మనిషి ఒకడు సాక్సుల కోసం వచ్చాడు. ధర వినగానే నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"కాకా, గోరాకేమో ఒక్క దిర్హంకు లుంగి ఇచ్చినవట. నాకాడికొచ్చేసరికి సాక్సులకే గింత చెప్తున్నవా? ఏం న్యాయమే గిది?"

"అరే, గాయన మా తమ్ముని ముదీర్‌రా," అన్నాడు అన్న గొంతెత్తి, చుట్టుపక్కల అందరికీ వినిపించేలా. "నువ్వెవ్వని ముదీర్‌వి? తీస్తె తియ్యి, లేకుంటె యల్లా, నడువు."

అతను నవ్వి డబ్బులిచ్చాడు. అన్న అందుకుని, సాక్సుల మూట సర్దుతున్నట్టు నాకు వీపు చూపిస్తూ గోడ వైపు తిరిగాడు. మోచేతులు పైకి లేచాయి, తల కొద్దిగా వంగింది. నాకు కనిపించకుండా కళ్ళకు అద్దుకుంటున్నాడు.