చిన్నమ్మ చెప్పిన ఆమెన్

ఆ రోజుల్లో దేవుడికి కాస్త చెవుడని నేను గట్టిగా నమ్మేదాన్ని. నాకెవరూ అలా చెప్పలేదు. కానీ కర్నూలులో మా ప్రార్థన మందిరంలో (పేరుకు మందిరమే గానీ, నిజానికి అదొక పెద్ద రేకుల షెడ్డు) పెరిగిన వాళ్ళెవరికైనా అదే అభిప్రాయం కలుగుతుంది. పైన రేకులు, కింద చాపలు, మధ్యలో రెండు డోలకులు, ఒక డ్రమ్ము, నాలుగు మైకులు, వాటికి తోడు మా గొంతులు. అందరం ఒకేసారి ప్రార్థన అందుకున్నామంటే ఎదురుగా ఉన్న టీకొట్టు ఆయన వచ్చినవాళ్ళను ఎన్ని టీలో వేళ్ళతో చూపించమనేవాడు. అందులో నాదొక ప్రత్యేకమైన ఉద్యోగం. పాస్టరయ్య "ఎవరైనా ప్రార్థన చేయండి" అన్నాక ఎవరూ అందుకోకపోతే ఆయన ఒకసారి దగ్గి గొంతు సవరించుకునేవాడు. అది అందరికీ హెచ్చరిక. రెండోసారి దగ్గాడంటే అది నాకొక్కదానికే. పన్నెండో ఏటి నుంచీ ఆ రెండో దగ్గుకు లేచి నిలబడి, చేతులెత్తి, మైకు అవసరం లేకుండా ప్రార్థన చేసేదాన్ని. "పాపకు ఆ గొంతు దేవుడిచ్చిన వరం" అని నలుగురూ అంటూంటే మా అమ్మ తల మీది కొంగు గర్వంగా సర్దుకునేది. నాకు ఇరవై ఒకటో ఏడు వచ్చేసరికి ఆ వరం మా వీధి దాటి వినబడేది.

అలాంటి మా ఇంటి మీద ఒకరోజు పిడుగు పడింది. మా చిన్నమ్మ (అమ్మకు సొంత చెల్లెలు, రెండు వీధుల అవతల ఒక్కతే ఉండేది) మందిరానికి రావడం మానేసింది. చిన్నాయన పోయి అప్పటికి ఏడాది. మొదట మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాం. తర్వాత తెలిసింది, ఆ మోకాళ్ళతోనే ప్రతి ఆదివారం ఒక టైర్ల అంగడి మీది మేడ మెట్లెక్కి మోర్మన్లనే వేరే క్రైస్తవ శాఖ వాళ్ళ ఆరాధనకు పోతోందని. అమ్మ నాలుగు దిక్కుల నుంచీ సమాచారం పోగుచేసింది. "వాళ్ళకు మన బైబిలు కాకుండా ఇంకో పుస్తకం కూడా ఉండాదంట. శిలువ పెట్టుకోరంట. రొట్టె పంచేటప్పుడు ద్రాక్షరసం బదులు నీళ్ళిస్తారంట." (ఎండాకాలంలో మా ఊళ్ళో ద్రాక్షరసం కంటే నీళ్ళే కష్టం, అది వేరే సంగతి.) అన్నీ ఓర్చుకుంది గానీ చివరి వార్త దగ్గర మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "టీ కూడా తాగరంటనే! దాన్ని పెంచింది నేను. రోజుకు నాలుగు టీలు పోసి పెంచినా!"

అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయి మూడు నెలలైంది. ఆదివారం కూర దించగానే అమ్మ అలవాటు కొద్దీ చెల్లెలికి పంపే స్టీలు గిన్నె తీసేది, ఒక్క క్షణం చేతిలో పట్టుకొని మళ్ళీ గూట్లో పెట్టేసేది. ఆ గిన్నె దిగి ఎక్కడం చూడలేక, నేనే పోయి చిన్నమ్మను తీసుకొస్తానన్నాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. గడప దగ్గర నిలబెట్టి ఆజ్ఞలు జారీ చేసింది: "ఏమిచ్చినా తినొద్దు. తాగొద్దు. యాడా సంతకం పెట్టొద్దు. చిన్నమ్మ లేకుండా మాత్రం ఇంటికి రావొద్దు."

యుద్ధానికి పోతున్నట్టు పోయాను. మెట్ల పైన తెల్లచొక్కా, టై కట్టుకున్న కుర్రాడొకడు చెయ్యి కలిపాడు. మీసం కూడా సరిగా రాలేదు గానీ జేబు మీది పేరు పలకలో 'ఎల్డర్', అంటే సంఘ పెద్ద, అని రాసుంది. (మా దగ్గర ఎల్డర్ అనిపించుకోవాలంటే కనీసం మనవడైనా పుట్టుండాలి.) చెప్పులు విప్పబోతే పరవాలేదు, వేసుకునే రండన్నారు. లోపల వరసగా కుర్చీలు, గోడలు ఖాళీ, మూలన చిన్న కీబోర్డు. డోలకు కోసం కళ్ళతో గది అంతా వెతికాను. లేదు. పాపం, కొత్త సంఘం కదా, ఇంకా కొనుక్కోలేదు కాబోలనుకున్నాను. చిన్నమ్మ వెనక వరసలో కూర్చొని ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి, పక్కన చోటిచ్చింది. పాట పాడారు, పక్కింటి వాళ్ళ పసిబిడ్డ నిద్ర లేస్తుందేమో అన్నట్టు. ప్రార్థన ఒకాయనే చేశాడు. మిగతావాళ్ళు చేతులు కట్టుకొని తలలు వంచారు, బడిలో క్లాస్ లీడరు బోర్డు మీద అల్లరివాళ్ళ పేర్లు రాసేటప్పుడు మేము కూర్చున్నట్టు. చప్పట్లు లేవు, ఒక్క స్తోత్రం లేదు. నాకు వాళ్ళ మీద కోపం పోయి జాలి మొదలైంది.

తర్వాత ముందున్న బల్ల దగ్గర ఒకాయన మోకరించి చిన్న ప్రార్థన చదివాడు. తెల్లచొక్కాల వాళ్ళు రొట్టె ముక్కల పళ్ళేలు పట్టుకొని వరసల్లోకి వచ్చారు. గది నిశ్శబ్దమైపోయింది. ఎంత నిశ్శబ్దమంటే కింద అంగడిలో టైరు దొర్లిస్తున్న చప్పుడు వినబడుతోంది. పళ్ళెం నా దాకా వచ్చింది, అమ్మ ఆజ్ఞ ప్రకారం ముట్టుకోకుండా చిన్నమ్మకు అందించాను. నిశ్శబ్దం సాగుతూనే ఉంది. నా అరికాళ్ళలో చీమలు పాకడం మొదలైంది. మా మందిరంలో ఇంతసేపు చప్పుడు లేదంటే ఎవరో ప్రార్థన వంతు మర్చిపోయారని అర్థం. అంతలో ముందు వరసలోని పెద్దాయన ఒకసారి దగ్గాడు. నా వెన్ను నిటారుగా అయింది. కుర్చీ అంచు పట్టుకొని నన్ను నేను ఆపుకున్నాను. ఆయన మళ్ళీ దగ్గాడు.

ఇక అది నా చేతుల్లో లేదు. లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "మహా పరిశుద్ధుడవైన తండ్రీ! స్తోత్రం, స్తోత్రం!" అని అందుకున్నాను. రేకుల షెడ్డుకు అలవాటైన గొంతు ఆ చిన్న గదిలో నాకే రెండుసార్లు వినబడింది. మిరపకాయలు కోయడానికి గుంటూరు పోయిన మా జిల్లా కోసిగి కూలీలను క్షేమంగా తీసుకురమ్మన్నాను. వాళ్ళ చేలల్లో వాన కురిపించమన్నాను. రోగులను, వృద్ధులను, పరీక్షలు రాసేవాళ్ళను పేరుపేరునా అప్పజెప్పాను. ఇక్కడొక చిక్కుంది. మా వాళ్ళ లెక్కలో ఆమెన్ అనేది బ్రేకు. జనంలోంచి పెద్ద ఆమెన్ వస్తే ఆపుతాం. రాలేదంటే ప్రార్థనలో బలం చాలలేదని అర్థం, ఇంకా గట్టిగా చేస్తాం. ఇక్కడ ఒక్కరూ ఆమెన్ అనడం లేదు! పళ్ళేలు పట్టుకున్న వాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. నేను స్థాయి పెంచాను. అడగడానికి ఇంకేమీ మిగలక, "ఈ బీద సంఘానికి ఒక డోలకు దయచేయి తండ్రీ!" అని కూడా అడిగేశాను.

అప్పుడు ఎవరో నా చెయ్యి పట్టుకొని కిందికి లాగారు. పక్కనుంచి "ఆమెన్!" అని గట్టిగా ఒక గొంతు వినబడింది. చిన్నమ్మది. మా మందిరంలో ఇరవై ఏళ్ళుగా పక్కవాళ్ళకు కూడా వినబడకుండా పెదాలు కదిపిన మనిషి. నేను దబ్బుమని కూర్చున్నాను. పళ్ళేలు మళ్ళీ కదిలాయి, ఏమీ జరగనట్టే. వాళ్ళెవరైనా తిట్టినా నాకు బాగుండేది.

అయిపోయాక ఆ దగ్గిన పెద్దాయన నా దగ్గరికొచ్చి, "ఉబ్బసం పాపా, ఏమనుకోవద్దు" అని నాకే క్షమాపణ చెప్పాడు. వాళ్ళ సంఘం పెద్ద (వారమంతా మోటార్లకు వైండింగ్ చేసుకునే మనిషట) నవ్వుతూ వచ్చి, "కోసిగి మా అమ్మ పుట్టినూరు పాపా. వాన అడిగినావు, శానా సంతోషం. డోలకు మాత్రం ఇప్పుడే వద్దులే, కింద అంగడాయనకు జవాబు చెప్పాల్సింది నేను" అన్నాడు. నేను నేల మీది గచ్చు వంక చూస్తూ తలూపాను.

మెట్ల మీద చిన్నమ్మ మోకాళ్ళు పట్టుకొని కూర్చుంది. నేనూ పక్కన కూర్చొని, "ఇంటికి పోదాం రా చిన్నమ్మా. అమ్మ ఏడుస్తాంది" అన్నాను.

"అక్క మీద అలిగి రాలేదే నేను" అంది. "మీ చిన్నాయన పోయినాక ప్రతి ఆదివారమూ నన్ను లేపి సాక్ష్యం చెప్పమంటా ఉండిరి. దేవుడు నిన్ను ఎట్లా ఓదార్చినాడో చెప్పమ్మా అని. ఇంకా ఓదార్చలేదని అంతమందిలో ఎట్లా చెప్పాల? ఏడిస్తే చుట్టూ చేరి ప్రార్థన. ఏడవకుంటే గుండె రాయైందని ఇంకా గట్టిగా ప్రార్థన. ఈడ రొట్టె పంచేటప్పుడు పది నిమిషాలు నన్నెవరూ ఏమీ అడగరు. ఆయన్ను తలచుకొని ఊరికే కూర్చుంటా. దానికోసమే ఈ మెట్లు ఎక్కుతాండా." మోకాలు రుద్దుకుంటూ, "ఈ వారం ఆ పది నిమిషాలూ నువ్వు తినేస్తివి" అంది.

ప్రతి ఆదివారం ఆమెను లేపి మైకు చేతికిచ్చింది నేనే. మేలు చేస్తున్నాననుకునే ఇచ్చాను. క్షమించమనడానికి నోరు తెరిస్తే, జీవితంలో మొదటిసారి, గొంతు రాలేదు. చిన్నమ్మ నా ముఖం చూసి ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. "డోలకు అడిగితివే వాళ్ళకు!" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. చిన్నాయన పోయాక ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

"నువ్వు మాత్రం? ఎంత గట్టిగా ఆమెన్ అన్నావు!" అన్నాను.

"అనకుంటే పొద్దు మునిగేదాకా ఆపుతావా నువ్వు?"

ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. గడపలోనే అమ్మ "యాడ అది?" అంది. జరిగింది జరిగినట్టు చెప్పాను, మైకు సంగతితో సహా. అమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. మరుసటి ఆదివారం ఆ స్టీలు గిన్నె నిండా కోడికూర పోసి, రాగిసంగటి ముద్దలు మూటగట్టి, నన్ను వెంటబెట్టుకొని చెల్లెలింటికి నడిచింది. లోపలికి పోయి, గిన్నె పెట్టి, చెల్లెలి పక్కన మంచం మీద కూర్చుంది. మాట్లాడలేదు. మా అమ్మ, మా రేకుల షెడ్డులో నా గురువు, పెదాలు బిగించి, గడియారం వంక చూస్తూ కూర్చుంది. నాలుగు నిమిషాలు గడిచాయి. ముఖం కందిపోయింది.

చిన్నమ్మే తట్టుకోలేకపోయింది. "అక్కా, ఇంక మాట్లాడు. నువ్వట్లుంటే నాకు భయమేస్తాది."

"బతికించినావే తల్లీ!" అని అమ్మ మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆపలేదు. చిన్నమ్మ తన దారి మార్చుకోలేదు, అమ్మా మార్చుకోలేదు. కానీ టీ మానేసిన ఆ ఇంట్లో అక్క కోసం టీపొడి డబ్బా ఒకటి అప్పటి నుంచీ ఉంటూనే ఉంది.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతున్నాయి. రాయచోటిలో టీచరును. దేవుడిచ్చిన వరం అరవైమంది పిల్లల ముందు బాగానే పనికొస్తోంది. ఆదివారాలు మా వాళ్ళ మధ్యే చాప మీద కూర్చుంటాను, గట్టిగానే పాడతాను. మైకు మాత్రం అడగని వాళ్ళ చేతికి ఇవ్వను. బస్సులో ఎవరైనా రెండుసార్లు దగ్గితే ఇప్పటికీ నా చేతులు పైకి లేవబోతాయి. వారానికోసారి చిన్నమ్మకు ఫోను చేసి బడి సంగతులు, ఇంటి సంగతులు అన్నీ ఏకరువు పెడతాను. అరగంట దాటాక అటునుంచి మెల్లగా "ఆమెన్" అని వినబడుతుంది. నేను టక్కున ఆగిపోతాను. కానీ చిన్నమ్మ ఫోను పెట్టేయదు. నేనూ పెట్టను. ఇద్దరం ఊరికే అలా ఉంటాం. ఆ కాసేపట్లో ఆ మేడ మీద చేతులెత్తి నిలబడి డోలకు అడుగుతున్న పిల్ల కళ్ళముందుకొస్తుంది. నవ్వొస్తుంది. చిన్నమ్మకు వినబడకుండా నవ్వుకుంటాను.